డిలీట్ కాని ఫైలు దగ్గర పనివాడితనం

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ నొక్కుతాం. అది పోదు. ఫైలో ఫోల్డరో పాడైపోయింది, చదవడం కుదరడం లేదు అంటూ ఒక మెసేజ్ వస్తుంది, పక్కన 80070570 అనే కోడ్. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. మనిషి ఇంకోసారి నొక్కి చూస్తాడు, సిస్టమ్ రీస్టార్ట్ చేస్తాడు, పక్క సీటువాళ్ళను అడుగుతాడు, చివరికి ఐటీ సపోర్ట్‌కి టికెట్ పెడతాడు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ ప్రాంతం గురించి చాలా రాశారు. కోడ్ రాసేవాళ్ళ గురించి రాశారు, కంపెనీలు తెచ్చినవాళ్ళ గురించి రాశారు. ఆ టికెట్ అందుకునే డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగి పనితనం గురించి రాసినవాళ్ళు తక్కువ. నా దృష్టిలో ఈ ఐటీ కారిడార్‌లో జరిగే నికార్సైన చేతిపనుల్లో అదొకటి.

పని తెలిసినవాడిని గుర్తుపట్టడం తేలిక. అతను వచ్చీరాగానే కీబోర్డ్ మీద చెయ్యి వేయడు. "ఏ మెసేజ్ వచ్చింది సార్, స్క్రీన్‌షాట్ తీశారా?" అని అడుగుతాడు. ఫైలు పోకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, మెసేజ్‌లోని మాటలే వాటిని విడదీస్తాయి. వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉందంటే డిస్క్‌కి ఏ రోగమూ లేదు. మార్క్ రసినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫైలు పేరు వెతికితే దాన్ని పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాం ఏదో బయటపడుతుంది. కొన్నిసార్లు చిక్కు పేరులోనే ఉంటుంది. పేరు చివర చుక్కో ఖాళీయో ఉన్నా, డాస్ కాలం నుంచి రిజర్వు చేసి ఉంచిన కాన్, నల్, ఆక్స్ లాంటి పేర్లు ఉన్నా, ఫోల్డర్లో ఫోల్డరు పెరిగి మొత్తం దారి 260 అక్షరాలు దాటినా విండోస్ తడబడుతుంది. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లోని నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌తో కుస్తీ పట్టిన డెవలపర్లకు ఈ చివరిది బాగా తెలుసు. ఇవన్నీ చిన్న చిక్కులు. 80070570 వచ్చిందంటే మాత్రం అతని ముఖం మారుతుంది.

అప్పుడతను విండోస్ నమోదులు చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరుస్తాడు. చాలామంది యూజర్లు ఎన్నడూ తెరవని చోటు అది. అందులో మూడు నంబర్ల కోసం వెతుకుతాడు. విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో 55 ఉంటే దాని లెక్కలు చెదిరాయని అర్థం. డిస్క్ పేరుతో 7 ఉంటే డిస్క్ మీద బ్యాడ్ బ్లాక్ ఉందని. 153 ఉంటే చదవడమో రాయడమో ఒకసారికి కుదరక మళ్ళీ ప్రయత్నించాల్సి వచ్చిందని. 55 ఒక్కటే ఉండి మిగతావి లేకపోతే, కరెంటు పోయినప్పుడో సిస్టమ్ హఠాత్తుగా ఆగినప్పుడో రాత సగంలో తెగి ఉండవచ్చు; డిస్క్ బాగానే ఉండే అవకాశం ఎక్కువ. 55తో పాటు 7 కూడా వరుసగా కనిపిస్తే డిస్కే పోతోంది. ఒకే మెసేజ్ వెనక ఉన్న ఈ రెండు రోగాలకు వైద్యం వేరు. మొదటిదాన్ని అక్కడే బాగుచేయవచ్చు. రెండోదానికి అదే వైద్యం చేస్తే డేటా చేతులారా పోగొట్టుకున్నట్టే.

అసలు పాడైన ఫైలును విండోస్ ఎందుకు డిలీట్ చేయనివ్వదు? పాడైంది కాబట్టి తీసిపారేయమనే కదా మనం అడుగుతున్నాం! ఈ ప్రశ్నకు జవాబు ఎన్‌టీఎఫ్‌ఎస్ నిర్మాణంలో ఉంది. 1993 జులైలో విండోస్ ఎన్‌టీ 3.1తో బయటకు వచ్చిన ఈ ఫైల్ సిస్టమ్‌ను టామ్ మిల్లర్, గ్యారీ కిమురా, బ్రయాన్ ఆండ్రూ, డేవిడ్ గోబెల్ రూపొందించారు. ఇందులో మాస్టర్ ఫైల్ టేబుల్ అనే పట్టిక ఉంటుంది. ప్రతి ఫైలుకూ అందులో మామూలుగా 1024 బైట్ల రికార్డు ఒకటి ఉంటుంది: పేరేమిటి, ఎవరికి హక్కుంది, డేటా డిస్క్ మీద ఏయే క్లస్టర్లలో, అంటే ఏయే గడుల్లో, ఉంది. ఊరి పహాణీ లాంటిదన్నమాట. ఫైలు డిలీట్ చేయడమంటే భూమిని మాయం చేయడం కాదు. పహాణీలో పేరు కొట్టేసి, ఆ సర్వే నంబర్లు ఖాళీ అని రాయడం. ఆ పేజీ తడిసి నంబర్లు చెదిరిపోతే బుద్ధి ఉన్న రెవెన్యూ ఉద్యోగి అందులో కలం పెట్టడు. ఊహించి కొట్టేస్తే పక్కవాడి పొలం ఖాళీగా నమోదవుతుంది, రేపు ఇంకెవరో వచ్చి అందులో దున్నుతారు. ఎన్‌టీఎఫ్‌ఎస్ మొండికేసేది సరిగ్గా ఇందుకే. చెడిపోయిన రికార్డును నమ్మి క్లస్టర్లను ఖాళీ చేస్తే, వాటిలో వేరే ఫైలు డేటా ఉండవచ్చు. డిలీట్‌కి ఒప్పుకోకపోవడం మన మిగతా ఫైళ్ళకు అది కాస్తున్న కాపలా.

రికార్డు చెడిందని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఎలా తెలుస్తుందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. 1024 బైట్ల రికార్డు 512 బైట్ల చొప్పున రెండు భాగాలుగా డిస్క్ మీదకు వెళ్తుంది. రాసే ముందు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఒక్కో భాగం చివరి రెండు బైట్లను తీసి రికార్డు తల దగ్గర దాచి, వాటి స్థానంలో ఒకే వరుస సంఖ్యను రెండుచోట్లా వేస్తుంది. రాసిన ప్రతిసారీ ఆ సంఖ్య మారుతుంది. చదివేటప్పుడు రెండు చివర్లూ చూస్తుంది. రెండూ ఒకటే అయితే రాత పూర్తయినట్టు. దాచిన బైట్లను తిరిగి వాటి చోట పెట్టి పని సాగిస్తుంది. తేడా వచ్చిందంటే ఒక సగం కొత్తది, ఇంకో సగం పాతది. మధ్యలో ఏదో తెగింది. నాలుగు బైట్లతో ఇంత నిఘా పెట్టిన పనివాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి ఈనాటికీ మన ల్యాప్‌టాప్‌లలో నడుస్తోంది.

ఇక బాగుచేసే పనిముట్టు చెక్‌డిస్క్. స్లాష్ ఎఫ్ పెట్టి నడిపితే మూడు దశల్లో పోతుంది. మొదట రికార్డులను ఒక్కొక్కటిగా సరిచూస్తుంది. తర్వాత ఫోల్డర్లలోని పేర్లకూ రికార్డులకూ పొంతన చూస్తుంది. మూడోది సెక్యూరిటీ వివరాలు. మన మొండి ఫైలు కథ సాధారణంగా మొదటి రెండు దశల్లోనే ముగుస్తుంది: రికార్డు పనికిరాదని తేలితే దాన్ని రద్దు చేసి, ఫోల్డర్లో మిగిలిన ఉత్తి పేరును తీసేస్తుంది. రికార్డు ఉండి పేరు లేని అనాథ ఫైళ్ళు కనిపిస్తే, వాటి ఫోల్డర్ దొరక్కపోతే, ఫౌండ్.000 అనే ఫోల్డర్లో చేరుస్తుంది. స్లాష్ ఆర్ పెడితే ఇంకో రెండు దశలు కలిసి డిస్క్ అంతటినీ చదివి చూస్తుంది. చదవలేని క్లస్టర్లు దొరికితే వాటిని బ్యాడ్‌క్లస్ అనే ఒక అంతర్గత ఫైలుకు రాసిచ్చేస్తుంది. ఆ క్లస్టర్లకు ఒక యజమాని ఏర్పడ్డాడు కాబట్టి ఇక ఏ ఫైలూ అక్కడికి వెళ్ళదు. విడిగా నిషేధాల జాబితా పెట్టకుండా, ఉన్న పద్ధతిలోనే చెడ్డచోటును కట్టిపడేసిన ఈ ఉపాయం నాకు చాలా ఇష్టం. 2012లో విండోస్ 8తో ఇంకో మెరుగు వచ్చింది. సిస్టమ్ నడుస్తుండగానే లోపాలు వెతికి రాసిపెట్టుకుని, వాటిని మాత్రమే కొద్ది సెకన్లలో సరిచేసే ఏర్పాటు అది. అంతకుముందు ఫైళ్ళు లక్షల్లో ఉంటే గంటలకొద్దీ కూర్చోవలసి వచ్చేది.

అయితే మంచి పనివాడు చెక్‌డిస్క్‌ను చివరికి గానీ ముట్టుకోడు. దానికి కావలసింది లెక్కల పొందిక. పొందిక కోసం మీ ఫైలు రికార్డును కొట్టేయాల్సి వస్తే కొట్టేస్తుంది. పైగా పోతున్న డిస్క్ మీద స్లాష్ ఆర్ నడిపితే ఆ చివరి దశలు మొత్తం డిస్క్‌ను చదివించి దాని మిగిలిన ఆయుష్షు తినేస్తాయి. అందుకే అతను ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి దానితో డిస్క్ సొంత ఆరోగ్య లెక్కలు చూస్తాడు. పాత హార్డ్ డిస్క్ అయితే రెండు అంకెలు ముఖ్యం: ఇప్పటికే మార్చేసిన సెక్టర్లు ఎన్ని, తేల్చకుండా పెండింగ్‌లో పెట్టినవి ఎన్ని. పెండింగ్ అంటే డిస్క్ ఆ సెక్టరును చదవలేకపోయిందని. మళ్ళీ అక్కడ రాసినప్పుడే అది పనికొస్తుందో, బదులు సెక్టరు వాడాలో తేలుస్తుంది. ఈ అంకెలు సున్నా కాకపోతే మొదటి పని కాపీ.

ఆ కాపీలోనూ నేర్పు ఉంది. విండోస్‌లోని కాపీ పనిముట్టు రోబోకాపీని అలాగే వదిలేస్తే చదవలేని ఒక్క ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, డిఫాల్ట్ అంతే. తెలిసినవాడు దాన్ని ఒక్క ప్రయత్నానికి తగ్గించి ముందుకు పోతాడు, బాగున్నవన్నీ ముందు దక్కించుకుంటాడు. డిస్క్ మరీ బలహీనంగా ఉంటే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన గ్నూ డీడీరెస్క్యూ నడుపుతాడు. అది తేలిగ్గా వచ్చే చోట్లను మొదట తీసుకుంటుంది, ఇబ్బంది పెట్టే చోట్లను దాటేస్తుంది, ఆ తర్వాతే వెనక్కి వచ్చి చెడ్డ భాగాల అంచులు కొద్దికొద్దిగా గీకుతుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, డిస్క్ చల్లబడ్డాక మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. కాపీ చేతికొచ్చాక చెక్‌డిస్క్ ఆ కాపీ మీద నడుస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలోనే కాదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి రిపేరుకు వచ్చే డిస్క్‌ల విషయంలోనూ వరుస ఇదే కావాలి.

డిలీట్ అన్నది ఎంత పెద్ద పనో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. అది డిస్క్ లోపం కాదు. మన కాలమానం ప్రకారం ఉదయం 9:39కి సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్ ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. ఆ అప్‌డేట్‌ను 10:57కే వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన సిస్టమ్‌లకు అది చాలలేదు. వాటిలో చాలావాటికి ఒక్కొక్కదాన్నీ సేఫ్ మోడ్‌లో తెరిచి, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టి, ఒకే ఒక్క ఫైలును చేత్తో డిలీట్ చేయాల్సి వచ్చింది. సపోర్ట్ డెస్క్ విలువ ఆరోజు అందరికీ తెలిసింది.

ఎస్‌ఎస్‌డీలు, పెన్‌డ్రైవ్‌లు వచ్చాక రోగ లక్షణం కాస్త మారింది. ఆయుష్షు తీరిన కొన్ని చిప్‌లు రాతను పూర్తిగా ఆపేసి చదవడానికి మాత్రమే ఒప్పుకుంటాయి. ఫైలు డిలీట్ అయినట్టే కనిపిస్తుంది, తీసి మళ్ళీ పెడితే యథాతథంగా ప్రత్యక్షమవుతుంది. ఫార్మాట్ చేసినా అంతే. దీన్ని వైరస్ అనుకుని యాంటీవైరస్‌లు మార్చేవాళ్ళున్నారు. వైరస్ కాదు, డ్రైవ్ పని అయిపోయింది. చదవనిస్తున్నంతలో కాపీ తీసుకుని దాన్ని పక్కన పెట్టడమే.

కాబట్టి మీ సిస్టమ్‌లో ఏదైనా ఫైలు 80070570 అంటూ కదలనంటే, దాని సంగతి తర్వాత చూడండి. ముందు మిగతా ఫైళ్ళను ఆరోజే ఇంకో డిస్క్‌కి తీసుకోండి. బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. టికెట్ పెట్టేటప్పుడు "ఫైల్ డిలీట్ అవ్వట్లేదు" అని మాత్రమే రాయకుండా, వచ్చిన మెసేజ్‌ను ఉన్నదున్నట్టు రాయండి, స్క్రీన్‌షాట్ పెట్టండి. వచ్చే మనిషి పని సగం అక్కడే అయిపోతుంది.