సంబోధనలో చనువు, భక్తి

క్రైస్తవ ప్రార్థనను తెలుగు చేసే రచయితకు మొదటి చిక్కు సంబోధనలోనే ఎదురవుతుంది. హీబ్రూ, గ్రీకు మూలాలలో ఎదుటివారిని పిలిచే సర్వనామానికి మర్యాదార్థక బహువచనం లేదు. తెలుగు బైబిలు దేవుని గూర్చి చెప్పేటప్పుడు ‘ఆయన’ అంటుంది. ఎదుట నిలిచి వేడుకొనేటప్పుడు ‘నీవు’ అంటుంది. ఇది అవినయం కాదు. పోతన, రామదాసు, త్యాగరాజు నడిచిన బాటే.

అయితే చనువుకు హద్దున్నది. మార్కు సువార్తలోని ‘అబ్బా’ అనే అరమాయిక శబ్దం పసివాని ముద్దుపలుకని పలువురు బోధించారు. పెద్దలూ వాడిన గంభీరమైన మాటేనని 1988లో జేమ్స్ బార్ వాదించాడు. గెత్సేమనేలో ఆ పిలుపు పిలిచి, పాత్రను తొలగించుమని వేడి, అంతలోనే తండ్రి చిత్తానికి తలవంచడం ఉన్నది. గారాబంగా తెనిగిస్తే ఆ తలవంపు వినబడదు. ‘నీవు’ వల్ల భక్తి చెడదు. అడిగినదెల్ల దక్కునన్న ధీమా వల్ల చెడుతుంది.