పాత పత్రికలు – పురస్మరణము: రాజమహేంద్రవరమును గూర్చిన రచనలపై విమర్శ

పాత పత్రికలను త్రవ్వి ఊరి చరిత్రను కూర్చి ప్రకటించు వాడుక ఇటీవల మన ప్రాంతమున మిక్కిలి పెరిగినది. పురపాలక సంఘముల శతవార్షిక సంచికలు, కళాశాలల జూబిలీ సంచికలు, దినపత్రికల ఆదివారపు అనుబంధములు ఇందులకు ముఖ్యాశ్రయములు. గ్రంథాలయములలో చెదలకు మిగిలిన సంపుటములు కంప్యూటరు తెరమీదికి వచ్చిన పిదప ఈ పని మరింత సుకరమైనది. ఒకప్పుడు వేటపాలెమునకో గౌతమీ గ్రంథాలయమునకో పోయి, దుమ్ములో కూర్చుండి, వ్రేళ్లు నల్లబడునట్లు పుటలు త్రిప్పినగాని దొరకని వార్త నేడు ఇంట కూర్చున్నవానికి దొరకుచున్నది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని దొరకిన వార్తను చదువు తీరులో మాత్రము మనము ముందునకు పోలేదని మా యభిప్రాయము. మన శాఖలలో స్థానిక చరిత్రపై సిద్ధాంత వ్యాసములు వ్రాయు విద్యార్థులు సైతము ఈ స్మృతి రచనల పద్ధతినే అవలంబించుచున్నారు గనుక, దానిని కొంచెము నిశితముగా పరిశీలింపవలసిన యావశ్యకత కలిగినది.

మేము దృష్టాంతముగా గైకొనునది రాజమహేంద్రవరము. 1901 జనగణనమున 36,408 మంది జనము గల ఈ ఊరు నేటి లెక్కను చిన్నపట్టణమే. అయినను దీనిని గూర్చి తెలుగులో మూడు విధములైన సాక్ష్యము కలదు. మొదటిది 1874 అక్టోబరులో కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్థాపించిన వివేకవర్ధని. రెండవది 1911, 1915 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన వారి స్వీయచరిత్రము. మూడవది చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు చూపు పూర్తిగా పోయిన పిదప, 1946 లో కీర్తిశేషులగుటకు కొలది యేండ్ల ముందు, చెప్పి వ్రాయించిన స్వీయచరిత్రము. ఒకే ఊరు, ఇంచుమించుగా ఒకే కాలము; కాని మూడు గ్రంథములలోను ఊరు మూడు రూపముల నున్నది.

వివేకవర్ధని ఊరిని వర్ణించుటకు పుట్టిన పత్రిక కాదు, ఊరిని మందలించుటకు పుట్టినది. న్యాయస్థానములందలి లంచములు, బాల్యవివాహములు, కన్యాశుల్కము, భోగముమేళములు, భూతవైద్యము – ఇవి దాని విషయములు. మందలించువాని కంటికి మందలింపదగినదే కనబడును. ఇది పత్రికకు దోషము కాదు, దాని ధర్మము. కాని ఆ పుటలనుండి ‘నాటి రాజమహేంద్రవరము’ అను పటమును గీయువాడు, గీసిన చేయి ఎవరిదో మరచినచో, వ్యాజ్యములోని ఫిర్యాదునే తీర్పుగా చదివినట్లగును.

ఈ పొరపాటు మేమును చేసినవారమే. మా పరిశోధన దినములలో వివేకవర్ధని వ్రాతలను, పంతులుగారి ప్రహసనములను ఆధారముగా గొని, 1870ల నాటి ఆ ఊరు వ్యాజ్యములకును లంచములకును పుట్టిల్లని ఒక ప్రకరణమున నిశ్చయముగా వ్రాసితిమి. పరీక్షకులలో నొకరు ఆ పుట అంచున పెన్సిలుతో ‘ఎవరు చెప్పిరి?’ అని రెండే మాటలు వ్రాసి పంపిరి. అప్పుడు మాకు కోపము వచ్చినది. ఆధారము చూపితిమి గదా, ఇంకేమి కావలెనని యనుకొంటిమి. ఆ ప్రశ్న ఆధారమును గూర్చినది కాదనియు, ఆధారము యొక్క నోటిని గూర్చినదనియు గ్రహించుటకు మాకు చాల కాలము పట్టినది.

ఇక స్వీయచరిత్రముల మాట. పంతులుగారు వ్రాయునపుడు తమ పత్రికలో వెలువడిన సంగతులను, లేఖలను పలుచోట్ల ఆధారముగా గైకొనిరి. తేదీ, లేఖ, ప్రతిపక్షుల వాదము, దానికి సమాధానము – ఈ క్రమమున కథ నడచును. ముప్పది యేండ్లు గడచినను వారి వాదము చల్లారలేదు. ఆ గ్రంథమున ఊరు ప్రతివాది. అందుచేతనే అది వివరములకు నిధి. విశ్రాంతిగా చదువుకొనుటకు మాత్రము తగినది కాదు. చిలకమర్తివారి యెదుట పత్రిక లేదు. ఉన్నను చూడలేరు. జ్ఞాపకమునుండి చెప్పువానికి మనుష్యులు ముందు వత్తురు, తేదీలు తరువాత వచ్చును. ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారి నాటక సమాజమునకై తాము నాటకములు వ్రాసిన నాళ్ల ముచ్చట్లను, 1907 లో విపినచంద్రపాలుగారు వచ్చి ఉపన్యసించినపుడు తాము తెనిగించిన సందర్భమును తలచుకొనునపుడు వారి వాక్యమున తొందర యుండదు, ద్వేషముండదు. తమతో సరిపడనివారిని సైతము నవ్వుతో విడిచిపెట్టుదురు. తెలుగు వచనమున ఇంతటి మంచి మనసు గల పుస్తకములు కొన్నియే యని మా నమ్మకము.

నేటి స్మృతి రచయితలు చేయు పని యేమనగా, విషయమును పంతులుగారినుండి తీసికొని స్వరమును చిలకమర్తివారినుండి తెచ్చుకొనుట. ఫిర్యాదును ముచ్చటగా చెప్పుట. చదువరికి హాయిగా నుండును. ఆ హాయిలో పంతులుగారి కోపమును పోవును, చిలకమర్తివారి అనుభవమును పోవును. మిగులునది ఏ ఊరికైనను అతుకదగిన ‘ఆ రోజులే వేరు’ అను భావము.

1881 డిసెంబరు 11 వ తేదీ రాత్రి జరిగిన ప్రథమ వితంతు వివాహమునే చూడుడు. ఈ విషయమును స్పృశింపని స్మారక సంచిక లేదు. ‘మన ఊరు దేశమునకు దారి చూపిన దినము’ అనునట్టి శీర్షిక క్రింద ఇది అచ్చగుచుండును. పంతులుగారి కథనమును తెరచి చూచినచో కనబడునది వేరు. వివాహము జరిగినది వారి యింట. రక్షకభటులును విద్యార్థులును కాపుండవలసి వచ్చినది. ధనసహాయము కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారిది. వివాహమునకు తోడ్పడినవారికి బహిష్కారము వచ్చినది. వారిలో కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని తప్పించుకొనిరి. దారి చూపినది ఊరు కాదు, ఊరిలోని ఒక యిల్లు. అదియు ఊరి ఇష్టమునకు విరుద్ధముగా. నాడు తలుపులు మూసికొన్న ఊరు నేడు ఆ ఘనతను తనదిగా చెప్పుకొనుచున్నది. ఈ మార్పు ఎట్లు జరిగినదన్నదే స్థానిక చరిత్రకారుడు పట్టుకొనవలసిన ప్రశ్న. స్మృతి రచన దానిని అడుగుటకే వీలు లేకుండ చేయుచున్నది.

మేము చూచిన ఒక సంచికలో ఈ వివాహ వృత్తాంతమునకు పైన గోదావరి రైలువంతెన చిత్రమును అచ్చువేసిరి. ఆ వంతెన పని 1897 లో మొదలై 1900 లో రాకపోకలకు తెరువబడినది. 1881 లో ఈ ఒడ్డునకు రాదలచినవారు కొవ్వూరువైపునుండి పడవలోనే రావలెను. చిన్న తప్పే, కాని స్మృతికి కాలక్రమము అక్కఱలేదని ఆ చిత్రము చెప్పక చెప్పుచున్నది. (ఊరి పేరు విషయమునను ఇంతే. పాత పత్రికలలోని ‘రాజమహేంద్రవరము’ను ఈ వ్యాసములు ‘రాజమండ్రి’గా మార్చి అచ్చువేయుచుండగా, 2015 లో ప్రభుత్వమే పాతపేరును మరల నిలిపినది.)

ప్రక్రియాభేదమును గుర్తింపకపోవుట మరియొక లోపము. సాహిత్య విద్యార్థులమైన మనము దీనిని క్షమింపరాదు. పత్రికలోని వ్రాతయంతయు వార్త కాదు. పంతులుగారు 1876 లో హాస్యసంజీవనిని ఆరంభించి ప్రహసనములను ప్రకటించిరి. 1880 నాటి వ్యవహార ధర్మబోధిని ప్లీడర్ల నాటకమని ప్రసిద్ధి. అందలి ప్లీడరు మాటలు వాడుకభాషలో నుండుటచే నేటి చదువరి వానిని నాటి కచ్చేరీ సంభాషణయే యని భ్రమించుచున్నాడు. ప్రహసనమున లోకమును పెంచి వంకరగా చూపుట నియమము. ఆ వంకరను సరిచేసి కొలుచుకొనవలెనే గాని యథాతథముగా పటము కట్టరాదు.

దీనికి ఎదురుకొమ్మున రాజశేఖర చరిత్రమున్నది. 1878 లో వివేకవర్ధనిలోనే భాగములుగా వెలువడిన ఈ కథ ధవళేశ్వరమునకు చెందినది. ఆరంభమున ధవళగిరి, దానిపై జనార్దనస్వామి ఆలయము, క్రింద గోదావరి – ఈ వర్ణనము తెలుగువారికి సుపరిచితము. స్మృతి రచయితలకు ఇది కల్పవృక్షము. ‘నాటి గోదావరీ తీరము’ అను శీర్షికకు ఇంతకన్న తగిన భాగమేమున్నది? కాని ఒక విషయము ఆలోచింపవలెను. 1847 లో మొదలై 1852 నాటికి ముగిసిన ఆనకట్ట పంతులుగారు కథ వ్రాయునాటికి ధవళేశ్వరమున పాతికేండ్లుగా నిలిచియున్నది. వారు అక్కడి పాఠశాలలో పని చేసి దానిని నిత్యము చూచినవారు. కథకు మాత్రము పూర్వకాలపు ఊరిని ఎన్నుకొనిరి. అనగా మనము నేడు గతముగా తలచి మురియుచున్న 1878 నాటి పత్రికలోనే, అంతకు ముందు గతమును తలచుకొను పుట యొకటి కలదు. ఫిర్యాదును పురస్మరణమును ఒకే చేతిమీదుగా, ఒకే పత్రికలో వెలువడినవి. రెండవదానిని కత్తిరించి మొదటిదానిని విడుచుట వలన నేటివారికి ఊరు తీయగా కనబడుచున్నది. మొదటిదానినే నమ్మి మేము వ్రాసినపుడు చేదుగా కనబడినది. రెండును కత్తెర పనులే.

పత్రికలో నోరులేనివారి మాట కూడ చెప్పవలెను. భోగమువారిని గూర్చి వివేకవర్ధని విస్తారముగా వ్రాసినది; వారు ఏమనుకొనిరో వ్రాయలేదు. ఆ మేళములను ఖండించిన వ్రాతలను ఎత్తి చూపుచు ఊరి సంస్కార చరిత్రను చెప్పుట నేటికిని సాగుచున్నది. సమాధానము రాకపోలేదు, అయితే అది ఆ పత్రికలోను రాలేదు, ఆ ఊరిలోను రాలేదు. ముద్దుపళని కావ్యమును పంతులుగారు కవుల చరిత్రమున నిందింపగా, బెంగళూరు నాగరత్నమ్మగారు 1910 లో ఆ కావ్యమును పరిష్కరించి ప్రకటించి, పీఠికలో వారికి ఎదురు ప్రశ్న వేసిరి. మరుసటి యేడే ఆ గ్రంథము ప్రభుత్వ నిషేధమునకు లోనై, 1947 వరకు ఆ నిషేధము క్రిందనే యుండెను. రాజమహేంద్రవరపు పత్రికను మాత్రమే చదివినవానికి ఈ ప్రత్యుత్తరము కనబడదు. ఒక ఊరి చరిత్రకు ఆ ఊరి పత్రిక చాలదన్నచో మా భావమిదియే.

కొందఱు మిత్రులు మమ్ము ప్రశ్నించుచుందురు: ఊరివారు తమ ఊరిని ప్రేమతో తలచుకొన్నచో మీకేమి బాధ? బాధ లేదు. చిలకమర్తివారు తలచుకొనిరి, మేము వారిని తలనిడికొని చదువుచున్నాము. వారు తమకు తెలిసిన మనుష్యులను తలచుకొనిరి. తాము చూడని కాలమును, తాము పుట్టని ఊరిని, కత్తిరించిన ముక్కలనుండి కట్టి ‘జ్ఞాపకము’ అని పేరు పెట్టుటయే మాకు అభ్యంతరము. అది జ్ఞాపకము కాదు; చదువు. చదువునకు చదువు నియమములే వర్తించును: ముక్కను గాక సంచికను చదువవలెను, చందా బకాయిల హెచ్చరికలు మొదలుకొని పుస్తక ప్రకటనల వరకు. ఎవరు, ఎవరి డబ్బుతో, ఎవరిపై వ్రాసిరో అడుగవలెను. ఎదుటి పక్షపు పత్రిక దొరకునేమో వెదకవలెను. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ఆంధ్రభాషాసంజీవనిని ప్రక్కన పెట్టుకొనక వివేకవర్ధనిని చదువుట ఒంటిచేతి చప్పట్ల వంటిదే.

ఈ యేడు మాకడకు వచ్చిన సిద్ధాంత వ్యాసములలో ఒకటి పాత పత్రికలనుండి ఎత్తిన నూటికి పైగా ముక్కలతో నిండియున్నది. శ్రమ కనబడుచున్నది, దస్తూరి ముత్యములవలె నున్నది. మేము దానిని త్రిప్పి పంపుచు, ఒకప్పుడు మాకు వచ్చిన ఆ రెండు మాటలనే పెన్సిలుతో అంచున వ్రాసితిమి. ఆ విద్యార్థికిని కోపము వచ్చినదని వింటిమి. ప్రస్తుతము ఆతడు రాజశేఖర చరిత్రము వెలువడిన సంచికలను తెప్పించుకొని, ఒక్కొక్క భాగమునకు ప్రక్కపుటలో ఏ ఫిర్యాదు అచ్చయినదో పట్టిక వ్రాయుచున్నాడు.