సర్వరును కూల్చి చూచు పరీక్ష

లినక్స్ సర్వరులో ‘సిస్‌ఆర్‌క్యూ-ట్రిగర్’ అను ఫైలు కలదు. నిర్వాహకుడు దానిలో ‘సి’ అను ఒక్క అక్షరము వ్రాసినంతనే, యంత్రమును నడుపు కెర్నెల్ కుప్పకూలును. ఇది ప్రమాదము కాదు, పరీక్ష. యంత్రము మొదలగునపుడే కొంత మెమొరీని విడదీసి, అందు రెండవ కెర్నెల్‌ను సిద్ధముగ నుంచెదరు. మొదటిది కూలగానే రెండవది మేల్కొని, పోయినదాని మెమొరీని డిస్కుపై భద్రపరచును. శవపరీక్షకు శవము దక్కవలెను గదా! 2005లో వెలువడిన 2.6.13 కెర్నెల్‌లో చేరిన ఈ ఏర్పాటు పేరు కెడంప్.

ఏర్పాటు మెచ్చదగినదే, పరీక్షయే చాలదు. ‘సి’ కూల్చునది ఆరోగ్యముగ నున్న యంత్రమును. అందు మెమొరీ చెడలేదు, స్టాకు పొంగలేదు. కెర్నెల్ తానై చేతులెత్తివేయును. అట్టి పతనమును పట్టుట సులభము. నిజమైన సర్వరులు ఇంత మర్యాదగా చావవు. ఒక ప్రాసెసరు ఒకే పనిలో చిక్కుకొని గిరగిర తిరుగుచుండవచ్చును. ‘సాఫ్ట్ లాకప్’ అను ఈ స్థితిలో కెర్నెల్ సాధారణముగ హెచ్చరిక వ్రాసి ఊరకుండును; దానిని పతనముగ నెంచవలెనని ముందే అమర్చిననే గాని కెడంప్ కదలదు. రాత్రి సేవ నిలిచిపోవును. తెల్లవారి వెదకిన డంపు ఉండదు. అదియు ‘సి’ పరీక్షలో నెగ్గిన సర్వరే!

ఈ లోటు తీర్చు సాధనము కెర్నెల్‌తోనే లభించుచున్నది. ఎల్‌కెడిటిఎం అను ఆ మాడ్యూలు స్టాకును చెడగొట్టుట, లాకప్ కలిగించుట మున్నగు పలు తీరుల యంత్రమును పడగొట్టగలదు. (విండోస్‌లో ఇట్టి పని చేయు ‘నాట్‌మైఫాల్ట్’ పేరే ఒక చమత్కారము!) డిస్కుకు చేరని వ్రాతలు నశించును గనుక, జనులు వాడని సర్వరుపైననే దీనిని ప్రయోగింపవలెను. సాధారణపు అమరికలో సాఫ్ట్ లాకప్‌ను కెర్నెల్ గుర్తించుటకు పట్టునది సుమారు 20 సెకనులే.