వేన్నీళ్ల పొయ్యి పెరట్లోనే ఎందుకుండేది

కోయంబత్తూరు పీలమేడులోని మా పాత ఇంటి పెరట్లో, బావికీ చింతచెట్టుకీ నడుమ ఒక రాగి బాయిలర్ ఉండేది. నడుమెత్తు ఉంటుంది. కడుపు నిండా నీళ్లు, ఆ నీళ్ల మధ్యగా నిలువునా ఒక గొట్టం, అడుగున నిప్పులు నిలిచే జల్లెడ. అవ్వ కొబ్బరిమట్టలు విరిచి, చింతపుల్లలు జోడించి రాజేసేది. పొగ ఆ గొట్టంలోంచి పైకి పోయి చింతకొమ్మల్లో కలిసిపోయేది. దీపావళి తెల్లవారుజామున నాలుగింటికే అవ్వ దాని ముందు పీట వేసుకుని కూర్చునేది. మేమందరం తలకు నూనె పట్టించుకుని వరసలో నిలబడేవాళ్లం. గాలి తిరిగి పొగ మొహాన కొడితే కళ్లు మండేవి, ఇటు పక్కకు జరిగేవాళ్లం. జరగమని ఎవరూ చెప్పేవారు కాదు. ఒళ్లే చెప్పేది.

ఆ పొయ్యి ఎప్పుడూ ఇంట్లోకి రాలేదు. వాన పడుతున్నా పైన ఒక రేకు అడ్డం పెట్టేవారే గాని లోపలికి తెచ్చేవారు కాదు. నీళ్లను మాత్రం బిందెలతో స్నానాలగదికి మోసేవాళ్లం. మంట బయట, నీళ్లు లోపల. ఇది ఎవరూ నోరు తెరిచి చెప్పిన నియమం కాదు, అందుకే ఎవరూ మా తరానికి అప్పజెప్పలేదు. ఈ వారం నేను రాయదలచుకున్నది ఆ నియమం గురించే.

మేము వేన్నీళ్లు అంటాము. పక్కింటి తమిళులు వెన్నీర్ అంటారు. 16వ శతాబ్దంలో విజయనగరం నుంచి మదురైకి వచ్చిన నాయకుల వెంట వచ్చినవాళ్లూ, కోయంబత్తూరు నల్లరేగడిలో పత్తి వేసుకుని నిలదొక్కుకున్నవాళ్లూ ఈ మాట దగ్గర మాత్రం పొరుగువాళ్లకు ఎప్పుడూ దూరం కాలేదు. రెండు భాషల్లోనూ ఒకే మాట, రెండు రకాల ఇళ్లలోనూ ఒకే తలంటు. ఇప్పుడు ఆ రెండు రకాల ఇళ్లలోనూ స్నానాలగది గోడకు ఒకే తెల్లటి డబ్బా వేలాడుతోంది: గ్యాస్ గీజర్.

దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. కరెంటు లేకపోయినా పని చేస్తుంది. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి లోపలున్న రబ్బరు పొర కదులుతుంది, రెండు బ్యాటరీల సాయంతో రవ్వ పుడుతుంది, మంట అంటుకుంటుంది, మెలికలు తిరిగిన రాగి గొట్టంలో నీళ్లు క్షణాల్లో కాగి వస్తాయి. మంట ఆరిపోతే గ్యాసును ఆపే ఏర్పాటు కూడా మంచి కంపెనీల వాటిలో ఉంటుంది. చక్కటి యంత్రమే. దాని ఆకలి ఎంతో తెలుసుకోకుండా గోడకు బిగించడంలోనే తప్పంతా ఉంది.

ఆ ఆకలిని కాగితం మీద లెక్క కట్టి చూశాను. నిమిషానికి 6 లీటర్ల గీజర్ పూర్తి మంట మీద గంటకు కిలోకు కాస్త తక్కువ గ్యాసు కాలుస్తుంది. కిలో గ్యాసు శుభ్రంగా కాలడానికి దాదాపు 15 కిలోల గాలి కావాలి. అంటే పది నిమిషాల స్నానానికి ఆ మంట సుమారు 2 ఘనమీటర్ల గాలిలోని ప్రాణవాయువును తినేస్తుంది. మన ఫ్లాట్లలో స్నానాలగది 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు అనుకుంటే, అందులో పట్టే గాలి మొత్తం 7 ఘనమీటర్లకు మించదు. ఒక్కరి స్నానానికే పావువంతుకు పైగా అయిపోయింది. రెండోవాళ్లు, మూడోవాళ్లు, నాలుగోవాళ్లు వెంటవెంటనే వెళితే? గాలి చాలని మంట ఆరిపోదు. సగం సగంగా కాలుతుంది. అలా కాలినప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్.

మదురైలో మా పిన్ని ఇంట్లో కొన్నేళ్ల కిందట జరిగింది ఇదే. వాళ్లది తిరుమల నాయకుని మహల్‌కు నడిచివెళ్లేంత దూరంలో ఉన్న వీధి. మండువా ఉన్న పాత ఇంటిని పడగొట్టి నాలుగంతస్తులు కట్టారు. కొత్త ఇంట్లో గీజర్ బిగించడానికి వచ్చిన ఫిట్టర్‌ను పిన్ని అడిగిందట, లోపల పెడితే ఏమైనా అవుతుందా నాయనా అని. "వెంటిలేటర్ ఉంది కదక్కా, ఏమీ కాదు" అని ఆయన రెండు బోల్టులు బిగించి వెళ్లిపోయాడు. ఆయన కావాలని తప్పు చేశాడని నేననను. ఆ వెంటిలేటర్ దీపావళికి తెరిచి ఉంటుందో లేదో ఆయన ఆలోచించలేదు. మా వైపు దీపావళి ఈశాన్య రుతుపవనాల నడుమ వస్తుంది. జల్లు లోపల కొడుతోందని పిల్లలు ఆ వెంటిలేటర్ పలకల సందుల్లో అట్టముక్క దూర్చారు.

ఆ తెల్లవారుజామున ముగ్గురు తలంట్లు పోసుకున్నారు. నాలుగోది మా చెల్లెలు, పిన్ని కూతురు. నూనె, సీకాయ, పొడుగాటి జుట్టు. అరగంటైనా పడుతుందని ఎవరూ పట్టించుకోలేదు. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు ఆగకుండా వస్తుంటే మా మరిదికి అనుమానం వచ్చింది. పిలిచాడు, పలకలేదు. భుజంతో గుద్దితే గడియ ఊడి తలుపు తెరుచుకుంది. చెల్లెలు గోడకు ఆనుకుని ఒరిగిపోయి ఉంది. దుప్పటి చుట్టి మేడ మీదికి, ఆరుబయటికి మోసుకుపోయారు. వాళ్లు చేసిన ఆ పనే ఆమెను కాపాడింది.

ఆసుపత్రికి చేరాక ఇంకో వింత ఎదురైంది. వేలికి తగిలించే ఆక్సిమీటర్ 98 చూపించింది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, కళ్లు తిరిగి పడిపోయి ఉంటుందిలే అనుకున్నారు. అక్కడి డాక్టరమ్మ మాత్రం ఆ అంకెను నమ్మలేదు. "బాత్రూములో గ్యాస్ గీజర్ ఉందా?" అన్నది ఆమె అడిగిన మొదటి ప్రశ్న. ఉందనగానే మాస్కు పెట్టి పూర్తి ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెట్టింది. నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్‌ను 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక దాని రంగూ ఆక్సిజన్ పట్టిన రంగూ ఆ చిన్న పరికరానికి ఒకేలా కనిపిస్తాయి. కోవిడ్ రోజుల్లో మనమందరం కొని బీరువాలో దాచుకున్న ఆ పరికరం ఈ విషం విషయంలో మోసం చేస్తుంది. మామూలు గాలిలో ఉంచితే నెత్తుటిలోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ మీద గంట, గంటన్నర. ఆ తేడా ఎంతటిదో ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు తెలుసు. చెల్లెలు మధ్యాహ్నానికి మాట్లాడింది. తల పగిలిపోతోందన్నది మొదటి మాట.

వాసన రాలేదా అని నేను పదిసార్లు అడిగాను. రాదు. సిలిండర్‌లో గ్యాసుకు ఉండే ఘాటు, లీకైతే తెలియాలని కలిపిన మెర్‌కాప్టన్‌ది. మంటలో అదీ కాలిపోతుంది. మిగిలేదానికి రంగు లేదు, వాసన లేదు, కంటి మంట లేదు. అవ్వ పొయ్యి పొగ మమ్మల్ని పక్కకు జరిపింది. ఈ పొగ జరపదు. ముందు తలనొప్పి, కడుపులో తిప్పు, ఆ తర్వాత కాళ్లు పట్టు తప్పుతాయి. గడియ తీయాలని తోచేసరికి చెయ్యి లేవదు.

ఈ ప్రమాదం గీజర్‌తోపాటే పుట్టింది. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన మొదటిసారి గ్యాసుతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం చేసి, ఐస్‌లాండ్‌లోని వేడినీటి బుగ్గ పేరు మీదుగా గీజర్ అని పిలిచాడు. దానికి పొగగొట్టం లేదు. తర్వాత వచ్చినవాళ్లు గొట్టం పెట్టారు. గొట్టం పెట్టినా, సరిగ్గా పెట్టకపోతే అంతే సంగతులు. 1994 సెప్టెంబరులో అమెరికన్ టెన్నిస్ ఆటగాడు వీటస్ గెరులైటిస్ స్నేహితుల ఇంటి అతిథి గదిలో నిద్రలోనే పోయాడు. వయసు 40. ఈతకొలను నీళ్లు కాచే హీటర్‌కు పొగగొట్టం పొట్టిగా బిగించారు, ఆ విషవాయువు ఆయన పడుకున్న గదిలోకి చేరింది.

ఇక్కడ నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. మాది చేతిపని తెలిసిన ఊరు. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు యంత్రాన్ని విప్పి చూడకుండా నమ్మేవాడు కాడు. ఆయనా, బాలసుందరం నాయుడూ కలిసి 1937లో ఈ దేశంలో మొదటి కరెంటు మోటారును ఇక్కడే తయారు చేశారు. పైకారా జలవిద్యుత్ కేంద్రం కరెంటు వచ్చాక పీలమేడులో మిల్లుల మోత, ఆ వెనకే పంపుల తయారీ, లేతు పట్టడం తెలియని ఇల్లు వెతకాల్సి వచ్చేది. అలాంటి ఊరివాళ్లం గోడకు వేలాడే డబ్బా వెంట వచ్చిన చిన్న పుస్తకాన్ని విప్పి చూడకుండా అట్టపెట్టెతో సహా పారేస్తున్నాం. పైగా ఆ పుస్తకం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన మా పిన్నికి అది ఎవరు చదివి చెప్పాలి?

చెల్లెలు ఇంటికి వచ్చిన మరుసటి వారం నేను మదురై వెళ్లాను, నాతో మిల్లులో పనిచేసి రిటైరైన ఫిట్టర్ అన్నను వెంటబెట్టుకుని. ముందు ఆ పుస్తకం తెరిచి పిన్నికి తెలుగులో చదివి వినిపించాను. స్నానాలగదిలో బిగించరాదని అందులోనే ఉంది, బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా కొట్టేసి మరీ. పిన్ని ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

అన్న డబ్బాను విప్పి వెనక బాల్కనీలోకి తెచ్చాడు. మూడు వైపులా గాలాడే చోటు. అయినా గాలి నేరుగా కొట్టే మూల వద్దన్నాడు, మంట రెపరెపలాడి ఆరుతుందని. జల్లు పడకుండా పైన చూరు ఉండాలన్నాడు. స్విచ్చు బోర్డుకూ, బట్టలారేసే తీగకూ దూరంగా, ఇటుక గోడ చూసి, రసమట్టం పెట్టి గీత గీశాడు. మంట కనిపించే చిన్న కిటికీ మనిషి కంటి ఎత్తున రావాలట. "రోజూ చూడని మంటను నమ్మగూడదు తమ్ముడూ" అన్నాడు. నీలంగా, పొట్టిగా, నిలకడగా ఉండాలి. పసుపు తోకలు లేచినా, గాజు మీద మసి కట్టినా గాలి చాలడం లేదన్నమాట. లోపలి గొట్టాల్లో సాలీడు గూడు కట్టినా అంతే జరుగుతుంది, అందుకే ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి. మదురై బోరునీళ్లు ఉప్పుతేలి రాగి గొట్టంలో గార పట్టిస్తాయి. మా సిరువాణి నీళ్లతో అంత బెడద లేదు.

సిలిండర్ కింద, నేల మీద నిటారుగా. ఈ గ్యాసు గాలి కంటే బరువు, కారితే నేలబారున పారుతుంది, గుంతల్లో నిలుస్తుంది. అందుకని బాల్కనీ పిట్టగోడకు కింద రంధ్రం ఉందా అని వంగి చూశాడు. కాలిన వేడి వాయువు పైకి లేస్తుంది, దానికి పైన దారి. రెండు దారులూ ఉండాలి, ఒకటి చాలదు. నారింజరంగు సురక్ష ట్యూబు, లోపల ఉక్కుతీగ అల్లిక ఉన్నది, ఒకటిన్నర మీటరు దాటకుండా. దాన్ని గోడలోంచి దూర్చరాదు, ఐదేళ్లకు మార్చాలి. వంటగది పొయ్యి ట్యూబును కోసి టీ-అతుకు బిగించి ఒకే సిలిండర్ నుంచి రెండింటికీ ఇచ్చిన పాత పనిని చూసి అన్న మాట్లాడలేదు, కత్తిరించి పారేశాడు. హోటల్ పొయ్యికి వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ దీనికి పనికిరాదని పిన్నికి రెండుసార్లు చెప్పాడు. చివర సబ్బునురగ పూసి ప్రతి అతుకు దగ్గరా బుడగ కోసం చూశాడు. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కడైనా గ్యాసు వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికొచ్చి 1906కు ఫోను చేయాలని గోడ మీద నేనే తమిళంలోనూ తెలుగులోనూ రాసిపెట్టాను.

వేన్నీళ్ల గొట్టం మాత్రం గోడకు రంధ్రం చేసి స్నానాలగదిలోకి వెళ్లింది.

అద్దె ఇళ్లలో బాల్కనీ లేనివాళ్లు నన్ను అడుగుతుంటారు, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టుకుంటే సరిపోదా అని. సరిపోదు. లోపలికి కొత్త గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాను తిప్పితే అది పొగగొట్టంలోంచి పోవలసిన వాయువును గదిలోకే లాగగలదు. బయట చోటు లేదా, కరెంటు గీజర్ పెట్టుకోండి. లేదా వంటింట్లో కాచి బకెట్‌లో పోసుకోండి. ఇందులో నాకు రెండో మాట లేదు. అప్పటిదాకా లోపలున్న గీజర్‌తోనే గడపాల్సి వస్తే, తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపేసి, గాలి మారాక తలుపు వేసుకోండి.

పోయిన దీపావళికి మదురై వెళ్లాను. నాలుగు కాకముందే జల్లు పడుతోంది. పిన్ని వెనక బాల్కనీలో పీట వేసుకుని, శాలువా కప్పుకుని గీజర్ ఎదుట కూర్చుంది. లోపల చెల్లెలు తలంటుకుంటోంది. పిన్ని కళ్లు ఆ చిన్న కిటికీలోని నీలం మంట మీదే ఉన్నాయి. వీధిలో ఎవరో గంగాస్నానం ఆచ్చా, అయిందా అని కేక వేశారు. పిన్ని జవాబివ్వలేదు. నీళ్ల చప్పుడు ఆగింది, మంట ఆరింది. పిన్ని మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, వంగి, రెగ్యులేటర్ కట్టేసింది. "పెద్దమ్మాయిది అయిందిరా, నువ్వు రా" అంది.