సన్న రేకుకు సన్న తీగ

కారు డోరు అడుగున తుప్పు తిని చిల్లు పడితే డోరే మార్చేయమనేవాళ్లు ఎక్కువ. చెడినంత మేర కోసి, అదే కొలతకు కొత్త రేకు అతికే పనివాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. ఆ పని విలువ నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. బండి అసలు రేకు నిలుస్తుంది, డబ్బూ మిగులుతుంది. ఒకప్పుడు దీన్ని గ్యాస్ మంటతో చేసేవారు. వేడి రేకంతా పాకి వంకరపోతే, సుత్తితో సరిచేయడమే సగం పని. ఇప్పుడు తీగ దానంతటదే ముందుకొచ్చే మిగ్ మిషన్ ఆ బాధ తగ్గించింది. షెడ్లలో దాన్నే సీఓటూ వెల్డింగ్ అంటారు. 1948లో అమెరికాలో అల్యూమినియం కోసం పుట్టిన పద్ధతి ఇది; 1950లలో కార్బన్ డయాక్సైడ్ వాడకం మొదలయ్యాక ఇనుము పనికి చవకగా అందింది.

ఈ మిషన్ ఇంటికి కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది, ఎన్ని ఆంపియర్లు ఇస్తుందని. ఎంత తక్కువకు దిగుతుందని అడగాలి. బాడీ రేకు మందం చాలా కార్లలో 0.7, 0.8 మిల్లీమీటర్లే. 30 ఆంపియర్ల దగ్గర మంట తెగకుండా నిలిచే మిషనే దానికి పనికొస్తుంది. గేటుకో గ్రిల్లుకో 150 ఉంటే చాలు. వోల్టేజీకి, తీగ వేగానికి వేర్వేరు నాబ్‌లు ఉండాలి. తీగ 0.6 మిల్లీమీటర్లది మేలు. దానికి సరిపడే గాడి ఉన్న రోలర్ మిషన్‌తో వస్తుందో లేదో చూసుకోండి.

అతుకును గాలి నుంచి కాపాడే గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ తీగ ఆరుబయట గేటు పనికి బాగుంటుంది. సన్న రేకు మీద మాత్రం వేడి ఎక్కువై చిల్లులు పెడుతుంది, చిటపటలూ ఎక్కువే. డోరు, ఫెండర్ పనికి ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ పెట్టుకోవాల్సిందే. రెండు తీగలూ వాడాలంటే పోలారిటీ మార్చుకునే వీలుండాలి: మామూలు తీగకు టార్చ్ ప్లస్‌కు, గ్యాస్ లేని ఫ్లక్స్ తీగకు మైనస్‌కు.

రేకు మీద గీతలా లాగకూడదు. ఒక చుక్క ఇక్కడ, మరో చుక్క జానెడు అవతల. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే నడిమి చుక్క. వెనక రాగి పలక ఆనిస్తే వేడి అది లాగేసుకుంటుంది. ఇనుము దానికి అతుక్కోదు. ఇలా ఆగి ఆగి చేసే పని కాబట్టి, పది నిమిషాల్లో రెండు నిమిషాలే మండగల చిన్న మిషన్ కూడా సరిపోతుంది. ఫ్యాన్ ఆపేయండి, గ్యాస్ చెదిరితే అతుకులో బొరియలు పడతాయి. కానీ తలుపులు తీసే ఉంచాలి: జింకు పూత ఉన్న రేకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, అందుకే పూతను ముందే గీకేయాలి. బ్యాటరీ విప్పాలి. పెట్రోలు ట్యాంకు దరిదాపుల్లో పని పెట్టుకోవద్దు. ఛాసిస్, సీటుబెల్టు బిగించే చోట్లు అనుభవజ్ఞులకే వదిలేయాలి.

కొట్టుకు వెళ్లేటప్పుడు పాత డోరు రేకు ముక్కలు రెండు వెంట తీసుకెళ్లండి. మిషన్‌ను అన్నిటికన్నా తక్కువలో పెట్టించి, వాటిని మీ ఎదుటే అతికించమనండి. తర్వాత ముక్కను తిప్పి చూడండి: వెనకవైపు కూడా చిన్న చుక్కలు తేలి, ఎక్కడా చిల్లు పడకపోతే అప్పుడు ధర అడగండి.