చెన్నపురి వీథులు: ఔత్సాహికుల ఛాయాచిత్రములు

ఆదివారము తెల్లవారుజామున జార్జిటౌను సందులలో నడచువారికి నేడొక దృశ్యము సుపరిచితము. పది పదునైదుమంది యువతీయువకులు, వారితో ఒకరిద్దరు ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు, మెడలో కెమెరాలు వ్రేలాడగా గుంపుగా తిరుగుచుందురు. వారిలో బ్యాంకి గుమాస్తా ఉండును, కంప్యూటరు ఇంజనీరు ఉండును, కళాశాల విద్యార్థిని ఉండును. ఛాయాచిత్రకళ వారికి జీవనోపాధి గాదు; సెలవుదినపు వేడుక. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని వలన ఆంగ్లేయులకు లభించిన ఇసుకనేల మహానగరమైన చరిత్రను స్మరించుచు, 2004 నుండి ఆగస్టు మాసమున జరుగుచున్న మద్రాసు దినోత్సవములలో ఇట్టి ఛాయాచిత్రయాత్రలకు స్థానమేర్పడినది. ఈ చిత్రములను మేము చాలకాలముగా చూచుచున్నాము. వానిని గూర్చి నిర్మొగమాటముగా కొన్ని మాటలు చెప్పవలసియున్నది.

నేర్పునకు కొఱత లేదు. వెలుగునీడల పొందిక, క్షణమును పట్టుకొను చుఱుకుదనము వీరికి చక్కగా అలవడినవి. ఐనను పది ప్రదర్శనములు చూచినవానికి పదునొకటవది చూడకయే తెలియును. కాసిమేడు రేవున ఉదయకాంతి, బంతిపూల గుట్టల నడుమ పూలమ్ముకొను స్త్రీ, మైలాపురమున అఱువదిమూవర్ ఉత్సవము, రిక్షాలో నిద్రించు వృద్ధుడు, ముడుతలు పడిన ముఖమొకటి తప్పక నలుపు తెలుపులలో. వీథిని చిత్రింప బయలుదేరినవారు ముఖములను తెచ్చుచున్నారు. వీథి వీథియందే మిగిలిపోవుచున్నది.

దీనికి యంత్రసంబంధమైన కారణమొకటి కలదు. లెన్సు రంధ్రమును 1.8 అను గుఱుతువద్ద విప్పార్చి తీసినచో ముందున్న ముఖము మాత్రమే స్ఫుటముగా నిలిచి, వెనుకనున్నదంతయు మంచులో కరగినట్లగును. అదే రంధ్రమును 8 వద్దకో 11 వద్దకో కుదించినచో ముఖముతోపాటు అంగడి అరుగు, గోడమీది ప్రకటన, తలుపునకు వ్రేలాడు నిమ్మకాయలు, బల్లమీది పేరు అన్నియు నిలుచును. తెల్లవారు వెలుతురు చాలక రంధ్రము విప్పవలసివచ్చెనని మిత్రులు సమాధానము చెప్పుదురు. పదిగంటల యెండలో తీసినవియు అట్లే ఉన్నవి గదా! వెనుకటి దృశ్యమును కరగించుట అందమను నమ్మకము వారిలో పాతుకొనిపోయినది. సెల్‌ఫోనులు సహితము ఈ కరగింపును లెక్కలతో కల్పించి పెట్టుచున్నవి.

పారిసునగరమున యూజీన్ ఆట్జే (1857–1927) అనునాతడు చేసిన పని దీనికి సరిగా ఎదురైనది. అతడు నాటకములలో వేషములు కట్టి, ఆ పని కుదురక ఛాయాచిత్రకారుడైనవాడు. చిత్రకారులకు ఆధారపత్రములు అమ్మబడునని తలుపునకు బల్ల కట్టుకొనెను గాని కళాకారుడనని చెప్పుకొనలేదు. బరువైన కెమెరాను, గాజుపలకలను మోసికొని నగరమునందును దాని శివారులయందును ముప్పదియేండ్లు తిరిగి అంగడి ముంగిళ్లను, మెట్లను, తోపుడుబండ్లను, చింతగుడ్డల నేరువారి గుడిసెలను తీసెను. పలకమీద సంఖ్య గీచి, అచ్చు వెనుక చోటు పేరు వ్రాసెను. అతడు దీనితోనే జీవించెను గనుక ఔత్సాహికుడనరాదు. కాని ఔత్సాహికులు అతనియొద్ద నేర్వవలసిన విద్య యిదియే. నేడా చిత్రములలో విలువగలది చాలమట్టుకు అంచులయందున్నది.

చెన్నపురిలో అంచులయందేమున్నదో మన కుటుంబములవారు ఎఱుగుదురు. అంగడి బల్లపై తమిళము ముందును, ఆంగ్లము పిమ్మటను, ఇతరభాష చివరను ఉండవలెనని ఇక్కడి నియమము. తెలుగు అక్షరములున్నచో అవి ఆ చివరి పంక్తిలో సన్నగా ఉండును. చిత్రమును బిగించి కత్తిరించునపుడు మొదట పోవునది ఆ పంక్తియే. కత్తిరించినవానికి తెలుగుపై ద్వేషమేమియు లేదు. అతని కంటికి అది చిందరవందర మాత్రమే. శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమునకు చెందిన కొత్వాల్ చావడినుండి టోకు కూరగాయల వర్తకము 1996లో కోయంబేడునకు తరలిపోయినది. పెరంబూరు ప్రాంతపు తెలుగు కుటుంబములెన్నిటికో అన్నము పెట్టిన బకింగ్‌హాం కర్ణాటక్ మిల్లు ఆ యేడే మూతబడినది. మూర్ మార్కెటు 1985లోనే అగ్నిపాలైనది. ఈ మూడింటి ముఖద్వారముల చిత్రములు దొరకును. చావడిలో ఏ కొట్టు ప్రక్కన ఏ కొట్టు, ఏ బల్లపై ఏ లిపి, మిల్లు కూత వినబడినపుడు ఏ సందునుండి జనము వచ్చెడివారు అనువానికి చిత్రసాక్ష్యము వెదకవలసి వచ్చుచున్నది. నాడు కెమెరా గలవారు కొందఱే, ఫిలిము ప్రియము. నేడా సాకు లేదు.

ఇంతకంటె బరువైన మాట మఱియొకటి కలదు. చెన్నపురిని ఊడ్చి శుభ్రపఱచు కార్మికులలో తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములు అనేకము. చీపురు పట్టి మంచులో నిలిచిన స్త్రీ ఛాయాచిత్రయాత్రలకు ప్రియమైన వస్తువు. ఆ చిత్రము క్రింద ‘శ్రమ’ అనియో, ‘ఉషఃకాలము’ అనియో వ్రాయుదురు. పేరడిగినచో ఆమె తెలుగున చెప్పియుండును, అడిగినవారు అరుదు. 2025 ఆగస్టులో, తమ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించుటను ప్రతిఘటించుచు పారిశుద్ధ్య కార్మికులు రిప్పన్ భవనము ఎదుట రేయింబవళ్లు కూర్చుండిరి. మద్రాసు దినోత్సవపు మాసమును అదియే! భాష ముఖమున కనబడదు. కనుక వారిని చిత్రించినవారు తెలుగువారిని చిత్రించితిమని ఎఱుగరు. ఛాయాచిత్రకారులను నిందించి ఊరకుండుట సులభము. మన సంఘముల వార్షికోత్సవ చిత్రములలో వేదికయు, పూలదండలును, ముందువరుస కుర్చీలును తప్ప ఆ వాడలు ఎన్నిసార్లు కనబడినవో పాఠకులు తమ యింటి సంచికలు విప్పి చూచుకొనవచ్చును.

అడిగి తీసినచో వీథి సహజత్వము చెడునని కొందఱందురు. ఈ వాదమున కొంత నిజము కలదు. చికాగో నగరమునను దాని ఉత్తరపు శివారులలోను పరుల యిండ్లలో దాదిగా పనిచేసిన వివియన్ మేయర్ (1926–2009) అసలైన ఔత్సాహికురాలు. సెలవుదినములలోను, తాను పెంచు పిల్లలను వెంటబెట్టుకొనియు తిరిగి లక్షకు పైగా చిత్రములు తీసి, దాదాపు ఎవరికిని చూపలేదు. అద్దె చెల్లని గిడ్డంగిలోని పెట్టెలు 2007లో వేలమునకు వచ్చినపిదపనే అవి లోకమునకు తెలిసినవి. ఆమె చాలకాలము వాడిన రోలీఫ్లెక్సు కెమెరాను నడుమువద్ద పట్టి, తలవంచి చూడవలెను. ఎదుటివానికి తుపాకి గుఱిపెట్టినట్లుండదు. ఆ చిత్రములలోని తిన్ననిచూపునకు ఇదియొక కారణమని మా అభిప్రాయము. కాని ఆ ముఖములవారిని అడిగినవారు లేరు. ప్రకటించునపుడు మేయరును అడుగుటకు ఆమెయు లేదు. మా మట్టుకు మేము పెట్టుకొన్న గీత యిది: వీథి వస్తువైనపుడు అనుమతి ప్రసక్తి స్వల్పము, ఒకరి దైన్యము వస్తువైనపుడు అడుగక తీయరాదు. ‘ఏం నాయనా, ఎందుకు తీస్తున్నావు?’ అని గడపలోని అవ్వ అడిగినచో సమాధానము చెప్పలేని చిత్రమును తీయకుండుటయే మేలు.

శివారుల సంగతి వేఱు. యాత్రలవారు మైలాపురము, జార్జిటౌను దాటుట తక్కువ. అంబత్తూరులోను ఆవడిలోను సౌందర్యమేమున్నదని వారి ప్రశ్న. సగము కట్టిన మేడ, బల్ల వ్రాయించుకొన్న క్రొత్త మెస్సు, చెఱువుగట్టుపై వెలసిన బస్సు నిలుపు, ఇవి యిరువదియేండ్లకు మన పిల్లలు వెదకికొను చిత్రములు. వానికి తేదీయు చోటును ఉండవలెను. సెల్‌ఫోను వానిని చిత్రముతోపాటు తానే భద్రపఱచగలదు గాని, వాట్సాపులో చిత్రముగా పంపినపుడు ఆ వివరములు తొలగిపోవును. బంధువులకు పంపునపుడు క్రింద ఒక పంక్తి వ్రాయుట పెద్ద శ్రమ గాదు.

కాలిపోయిన మూర్ మార్కెటు స్థలముననే నేడు సెంట్రలు శివారుబండ్ల స్టేషనున్నది. సూళ్లూరుపేట లోకలు అచ్చటనే బయలుదేరును. ఆరంబాకము దాటి తడ చేరినపిదప స్టేషను బల్లలపై తెలుగు మొదలగును. పెట్టెలోని మాటలలో అది బేసిన్ బ్రిడ్జివద్దనే వినబడుచుండును. ఆ బండిని, ఆ పెట్టెలోని గంపలను, పాలక్యానులను, ఉద్యోగుల సంచులను, కిటికీ వెలుపలి బల్లలను వరుసగా తీసినవారెవరైన ఉన్నచో, వారి చిత్రములను వచ్చు సంచికలో ప్రకటింపుడని సంపాదకులను కోరుచున్నాము.