వేసేదీ తీసేదీ

తలుపు ఊడ్చి ముగ్గు పెట్టమని ఎవరూ అనరు, వాకిలి ఊడ్చమంటారు. గుమ్మాన్ని తట్టరు, తలుపే తడతారు. అలిగి వెళ్లేవాడు ‘మళ్లీ నీ గడప తొక్కను’ అంటాడు గాని ‘తలుపు తొక్కను’ అంటే నవ్వొస్తుంది. నిఘంటువులో పక్కపక్కన పర్యాయపదాల్లా కూర్చున్నా, నోట్లోకి వచ్చేసరికి ఈ మాటల్లో ఒకదాని చోట మరొకటి నిలవదు. తలుపు అంటే మూసే రెక్క. గుమ్మం అంటే ఆ రెక్క నిలిచే చట్రం, దాని నడిమి ఖాళీ. గడప కాలి కింది కమ్మి. వాకిలి ఇంకా విశాలం, ఒకచోట ద్వారం, ఒకచోట ఇంటి ముందరి జాగా. తమిళ వాయిల్, కన్నడ బాగిలు దీని తోబుట్టువులే. వాయి అంటే నోరు, ఇల్ అంటే ఇల్లు, వెరసి ఇంటి నోరు. నాలుగింటిలో మూడు మనిషి దాటే చోటుకు పేర్లు, చెక్కకు దక్కింది ఒక్కటే. కోటకు గవని, పెద్ద తలుపులో మనిషి వంగి దూరేటంత దిడ్డి, పెరట్లో దొడ్డివాకిలి, ఇవి కూడా ఎవరు ఎటునుంచి వస్తారన్న లెక్కతో పుట్టినవే. దొడ్డిదారి అన్న మాటకు నింద అంటుకున్నది కూడా ఆ లెక్క వల్లే. తెలుగులో ఈ పదాలన్నీ అడ్డుకునే వస్తువు చుట్టూ కాక, దాటే తావు చుట్టూ అల్లుకున్నాయన్నది నా వాదన. దీన్ని పరీక్షకు పెట్టడానికి దుమ్ముగూడెం మంచి చోటు.

గోదావరి ఎడమ గట్టున, భద్రాచలానికి ఎగువన ఉన్న ఈ మన్యంలో, కోయ గూడేల పాత ఇళ్లది వెదురు దడికి మట్టి పూసిన గోడ. గుమ్మానికి తడిక. వెదురును నిలువునా చీల్చి, బద్దలను ఒకటి పైకి ఒకటి కిందికి పోనిచ్చి అల్లి, అంచులకు లావు బద్దలు కట్టి బిగిస్తే తడిక తయారు. మడత బందులుండవు. ఒక పక్క తాడుతో గుంజకు కట్టి ఉంటుంది, లేదంటే ఊరికే చేరవేసి ఉంటుంది. గట్టిగా తోస్తే ఆగేది కాదు, మేకా కుక్కా కోడీ దూరకుంటే దాని పని అయినట్టే. ఇప్పుడు క్రియలు చూడండి. మూయడం, తెరవడం ఉన్నా, ఇంట్లో ఎక్కువగా వినపడేది ‘తలుపు వెయ్యి’, ‘తలుపు తియ్యి’. బందుల మీద తిరిగే చెక్కను నిజానికి వెయ్యం, తియ్యం, తిప్పుతాం అంతే. ఎత్తి అడ్డం వేసేదీ, ఎత్తి పక్కకు తీసేదీ తడికనే. తాళం వేస్తాం, దీపం కూడా వేస్తాం, అన్నిటికీ వాడే క్రియ మీద ఇంత మేడ కట్టడమేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇది రుజువు కాదు. కాని ఆ క్రియ అక్షరాలా నిజమయ్యేది తడిక దగ్గర అన్నది మాత్రం కళ్లకు కనిపించే సంగతి.

దుమ్ముగూడెం మండలంలోనే పర్ణశాల ఉంది. సీతారాములు ఉన్న చోటు ఇదేనని ఇక్కడి నమ్మకం. లక్ష్మణరేఖ వాల్మీకి చెప్పింది కాదు, తర్వాతి కథల్లో వచ్చి చేరింది. ఆ చేర్చినవాళ్లు ఆకుల కుటీరానికి గట్టి తలుపు బిగించాలనుకోలేదు, నేల మీద గీత గీశారు. అది చెక్క లేని గడప. ఇక భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున భక్తులంతా తలుపులు తెరుచుకునే క్షణం కోసమే కాచుకుంటారు, అయినా దానికి పేరు ఉత్తర ద్వార దర్శనం. గుడి కాబట్టి సంస్కృతం వాడారంటే సరిపోదు. తలుపు రెక్కకు సంస్కృతంలోనే కవాటం అన్న మాట సిద్ధంగా ఉంది, దాని జోలికి పోలేదు.

నా వాదనకు ఎదురు తిరిగే తలుపు కూడా దుమ్ముగూడెంలోనే ఉంది. గోదావరి మీద పడవలను ఎగువకు నడపాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచనతో, ఇంజనీరు హేగ్ ఆధ్వర్యంలో 19వ శతాబ్దంలో ఇక్కడ ఆనకట్ట కట్టారు, రాళ్లను తప్పించి పడవ పోవడానికి కాలువ తవ్వి లాకులు పెట్టారు. 1871లో ఆ పథకాన్ని మానుకున్నారు. లాకు పనితీరు చూడముచ్చటైనది. కాలువలో ఒక గది, దానికి ఎగువన ఒక జత రెక్కలు, దిగువన ఒక జత. జతలోని రెండు రెక్కలూ తిన్నగా మూసుకోవు, ప్రవాహానికి ఎదురుగా ముక్కులా పొడుచుకొచ్చి కలుస్తాయి. ఎగువ నీరు ఎంత తోస్తే అంత బిగుసుకుంటాయి. వాటికి గొళ్లెం అక్కర్లేదు, నీటి బరువే గడియ. ఎగువకు పోయే పడవ గదిలోకి వచ్చాక దిగువ రెక్కలు మూసి, చిన్న తూము ఎత్తి పైనీటిని గదిలోకి వదులుతారు. లోపలి మట్టం ఎగువ మట్టాన్ని అందుకునేదాకా ఎగువ రెక్కలు ఎంత మంది నెట్టినా కదలవు. అందుకున్నాక తేలిగ్గా విచ్చుకుంటాయి. ఇక్కడ చెక్కే సర్వం, దాటే తావుకు విడిగా విలువ లేదు. ఈ ఒక్క తలుపు ముందు నా వాదన తలొంచాల్సిందే. అయితే దీన్ని మన జనం ఏమన్నారో కూడా చూడాలి. ఇంటికి బిగించేది తాళంగానే ఉండిపోయింది, ఇంగ్లీషు ‘లాక్’ మాత్రం కాలువ గట్టున లాకుగా స్థిరపడింది. ధవళేశ్వరం వైపు కాలువల మీద ‘లాకుల దగ్గర దిగుతాను’ అంటే అది తలుపుల మాట కాదు, ఊళ్లో ఒక చోటు పేరు.

డోర్ వచ్చి ఈ మాటలన్నిటినీ మింగేసింది కదా అన్నది పెద్ద ఆక్షేపణ. పరాయి మాటలు ఇక్కడికి కొత్త కాదు. భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి బ్రిటిష్ వాళ్లకు పోయింది, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది, 1959లో ఖమ్మానికి వచ్చింది. అందుకే గుమ్మం అనేవాళ్లూ దర్వాజ అనేవాళ్లూ ఇక్కడ కలిసే ఉంటారు. పారశీలో తలుపుకూ చెల్లే దర్వాజ, తెలంగాణ వాడుకలో చాలాచోట్ల చట్రం వైపే జరిగింది. ‘దర్వాజ ఎత్తడం’ అంటే చట్రాన్ని నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టడం. డోర్ ఎక్కిన చోటు మాత్రం తలుపు ఒక్కటే, అదీ ‘డోర్ వెయ్యి’ అని తెలుగు క్రియ తగిలించుకున్నాకే. ‘ఇల్లూ డోరూ లేనివాడు’ అని ఎవరూ అనలేదు, ఇల్లూ వాకిలీ అలాగే ఉన్నాయి. అపార్ట్‌మెంట్లలో లోపలి గదులకు గడపలు పోయాయి, నిజమే. వీధి తలుపు కింద మాత్రం ఉంచుకుంటున్నారు. నున్నటి గ్రానైట్ మీద పసుపు నిలవక, పసుపు రంగు మీద ఎర్ర చుక్కలున్న స్టిక్కరు కొని అంటిస్తున్నారు.